పచ్చారినాక

ఒక ముఖాన్ని చూసిన మనుషుల్లో ఇప్పుడు ప్రాణంతో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ ముఖాన్ని లేకుండా చేసిందీ నేనే. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఆరేళ్ళు పట్టింది.

ఇన్నాళ్ళూ ఈ బరువును ఎక్కడ మోశానో సరిగ్గా చెప్పలేను. గుండెలో అంటారు. నాకు మాత్రం చేతిలో ఉన్నట్టుంటుంది. బస్సులో కమ్మీ పట్టుకున్నప్పుడు, అన్నం కలుపుకుంటున్నప్పుడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తడి కాగితం ఒకటి ఉన్నట్టు తోస్తుంది. చెయ్యి తుడుచుకుంటాను. అమ్మ అడుగుతుంది, ఏమంటింది అని. ఏమీ లేదంటాను. ఏమీ లేదు అనే మాట నాకు బాగా అలవాటైపోయింది. అది ఎలా అలవాటైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు రాయను. నాయన బాధపడతాడని అనుకుందామనుకున్నాను కానీ అది నిజం కాదు. సిగ్గు, అంతే.

మాది హిందూపురం. నాయన చింతపండు మండీలో పని చేస్తాడు. ఇంటికి చుట్టాలొస్తే నేను పుస్తకం తీసుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయే రకం. రోజూ డైరీ రాస్తాను. నోటితో చెప్పలేని మాటలన్నీ అందులోకి వెళ్తాయి. మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేని పని దొరికితే చాలనుకునేదాన్ని. మైసూరులో ఒక కోర్సు చదివాక నిజంగానే అలాంటి పని దొరికింది. పాత కట్టడాల గోడల మీది రంగులు, పూతలు, బొమ్మలు పరిశీలించి కాపాడే పని. మాకు పాఠాలు చెప్పిన సారే పెనుకొండలో ఒక పాత సత్రం పని ఒప్పుకుని నన్ను పిలిచారు. ఉదయం రైలుకు వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని.

ఆ సత్రాన్ని ధర్మవరం పట్టు వ్యాపారులెవరో యాత్రికుల కోసం కట్టించారట. నడవ గోడల మీద ఊరేగింపు బొమ్మలుండేవి. రథం, ఏనుగులు, తాళాలు పట్టుకున్న భజనవాళ్ళు, కింద పొడవునా పచ్చరంగు అంచు. తర్వాత ఏ కాలంలోనో ఎవరో వాటి మీద సున్నం కొట్టించారు. దాని మీద మళ్ళీ సున్నం, ఆ పైన నీలం కలిపిన సున్నం, ఆ పైన డిస్టెంపరు. మేము పై నుంచి ఒక్కో పొరనూ చిన్న కత్తితో గీకి తీస్తూ కిందికి వెళ్ళేవాళ్ళం. ఒక అరచేయంత గోడ తెరవడానికి ఒక్కోసారి రోజంతా పట్టేది. ఏ పొర ఎప్పటిదో తెలుసుకోవడం, కింద ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టడం, అంతవరకే మా పని. మా చేత్తో కొత్త రంగు వేయకూడదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గోడ బొమ్మలు రెండు విధాలు. గోడకు పూసిన గచ్చు పచ్చిగా ఉండగానే రంగు వేస్తే అది గచ్చులోకి ఇంకి గోడతో పాటే గట్టిపడుతుంది. తడి తగిలినా పోదు. గచ్చు ఆరిపోయిన తర్వాత వేసే బొమ్మకు రంగులో జిగురు కలుపుతారు. అది గోడ పైనే కూర్చుంటుంది. నీళ్ళు తగిలితే లేచి వచ్చేస్తుంది. అందుకని ప్రతి బొమ్మకూ, పక్కపక్కనే ఉన్నా సరే, ముందు ఒక మూల తడి దూది అద్ది చూడాలి. దూది తెల్లగా ఉంటేనే ముందుకు పోవాలి. రంగు అంటితే ఆగిపోవాలి. మేము నేర్చుకున్న మొదటి నియమం ఇదే. దీన్ని మరిచిపోవడం సాధ్యం కాదు. నేను మరిచిపోలేదు. అవసరం లేదనుకున్నాను.

పని మొదలైన కొన్నాళ్ళకు అవ్వ వచ్చింది. పేరు ఓబులమ్మ. ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాచుకునే కుటుంబం. ఎవరో సత్రం గోడలు తెరుస్తున్నారని బస్సులో విన్నదట. ధర్మవరంలో బస్సు మారి, ఎండలో నడిచి, నేరుగా నడవలోకి వచ్చి నిలబడింది. చేతిలో గుడ్డ మూట. నన్ను, గోడను మార్చి మార్చి చూసి అడిగింది.

"మా యమ్మ బయటికొచ్చిందా పాపా?"

నేను సారు వైపు చూశాను. కింద సున్నం కలుపుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

అవ్వ కథ ఇది. ఒక కరువులో వాళ్ళ అమ్మ వైపు వాళ్ళంతా పెనుకొండకు కూలికి వచ్చారు. అప్పుడే సత్రం కడుతున్నారు. వాళ్ళ అమ్మ ఎర్రక్క అప్పటికి పిల్ల. గచ్చుకు నీళ్ళు మోసేది. బొమ్మలు వేసే ఆయన పనంతా ముగించి వెళ్ళిపోయే ముందు, మిగిలిన రంగులతో, ఏనుగు కాళ్ళ దగ్గర ఖాళీగా ఉన్న చోట కుండ ఎత్తుకున్న ఆ పిల్ల బొమ్మను భుజాల వరకు వేశాడట. తర్వాత ఎర్రక్కకు ముదిగుబ్బ వైపు పెళ్ళయింది. ఓబులమ్మను కని, పచ్చి బాలింతగానే చనిపోయింది. ఫోటో లేదు. బిడ్డకు తల్లి ముఖం తెలియదు. ఎర్రక్క తల్లి ఆ బిడ్డను పెంచింది. పెనుకొండ ఉరుసుకు వచ్చినప్పుడు సంకనెత్తుకుని సత్రానికి తెచ్చి, అదుగో మీ యమ్మ అని చూపించేది. తర్వాత సున్నం పడింది. మా దగ్గరికి వచ్చేనాటికి అవ్వకు ఎనభై దగ్గర పడ్డాయి. ఆమె జ్ఞాపకంలో కుండ ఉంది, ఏనుగు కాలుంది, ముఖం చెరిగిపోయింది. గడ్డం మీద పచ్చబొట్లు ఉన్నాయని మాత్రం తెలుసు. రెండో మూడో తెలియదు.

అవ్వకు గడ్డం మీద పచ్చబొట్టు లేదు. చేతుల నిండా ఉన్నాయి. ఎందుకని అడిగాను. అంతగా నోరు విప్పని నేను ఆమెను ఎలా అడిగానో ఇప్పుడూ ఆశ్చర్యమే.

"పొడిచే ఆమె ఎన్ని అనడిగె. అప్పటికి మా అవ్వ సచ్చిపోయిండాది. ఎవుర్ని అడగల్ల? తప్పు లెక్క పొడిపిచ్చుకుంటే మా యమ్మవి కాకుండా పోతాయి గదా. వద్దులే అంటి. నువ్వు సూసి సెప్పు పాపా. మూడైతే మూడు పొడిపిచ్చుకుంటా."

"ఈ వయసులోనా అవ్వా?"

"ఏం, పెండ్లికి పోవల్లనా? మా యమ్మ కాడికి పొయ్యేటప్పుడు గుర్తు పట్టల్ల గదా నన్ను."

వారానికోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా సున్నం కలిపే ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "ఏమవ్వా, మీ యమ్మ ఇంగా తలకాయ దువ్వుకుంటాందా యేమి, బయటికి రాకుండా?" అవ్వ ఊరుకునేది కాదు. "మూడు తరాల సున్నం కప్పుకోని పండుకోనుండాది. నీ మాదిరి మూడు పూట్లా పండుకునే మనిషి కాదులే, లేస్తాది." నా దగ్గరికి వచ్చి సజ్జరొట్టె, ఊరుబిండి పచ్చడి ఉన్న మూట విప్పి పెట్టేది. "నోట్లో నాలిక లేదా నీకు? దినమంతా గోడతోనే మాట్లాడతావా?" అనేది. ఆమె ఎదుట నాకు మాటలు వచ్చేవి. మా అవ్వలిద్దరూ నేను పుట్టకముందే పోయారు. అందుకేనేమో. ఇది సాకు కాదు. నేను ఆమెను ప్రేమించాను. ఆమెకు చేసినది ప్రేమించిన మనిషే చేసిందని మీకు తెలియాలి.

ఒకరోజు ఏనుగు కాళ్ళ దగ్గర పొరలు తీస్తూ, ఆ బొమ్మ గురించి ఇంకేమైనా గుర్తుందా అని అడిగాను. అవ్వ, "మా అవ్వ సెప్పేది, పచ్చారినాక ఏసినారంట" అంది. 

నేను ఆ మాట విని సంతోషపడ్డాను. బొమ్మ పక్కనే పచ్చరంగు అంచు ఉంది. ముందు పచ్చ అంచు వేశారు, ఆ పచ్చ పైపైన ఆరాక, లోపల గచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే పిల్ల బొమ్మ వేశారు. అలా అర్థం చేసుకున్నాను. పచ్చ అంచును అంతకుముందే తడి దూదితో చూశాను. దూది తెల్లగానే వచ్చింది. అది పచ్చి గచ్చు మీద వేసిన రంగు. దాని వెంటనే వేసిన బొమ్మ కూడా అలాంటిదే కావాలి కదా? సారుకు చెబితే మెచ్చుకున్నారు. పెద్దవాళ్ళ మాట వినడం నేర్చుకున్నావు అన్నారు. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఎంత మురిసిపోయానో గుర్తుంది.

బళ్ళో సంధులు విడదీయమంటే అందరికంటే ముందు చెయ్యెత్తేదాన్ని. చెయ్యి మాత్రమే ఎత్తేదాన్ని, లేచి చెప్పడానికి భయం. పచ్చ, ఆరినాక కలిస్తే పచ్చారినాక. పచ్చి, ఆరినాక కలిసినా పచ్చారినాకే. గోడ పచ్చి ఆరిపోయాక వేశారు అని అవ్వ నాకు చెప్పింది. తడి పెట్టొద్దని ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పింది. చెవిలో పడింది ఒకే మాట. దాన్ని నేను తప్పుచోట విడదీశాను.

అయితే అది తప్పు విడదీయడం వల్లే జరిగిందని చెప్పుకుంటే నన్ను నేను మళ్ళీ దాచుకున్నట్టే. ఏ మాట ఎలా విన్నా, దూది అద్ది చూడాల్సింది. ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. మరునాడు అవ్వ వచ్చే రోజు. ఆమె వచ్చేసరికి ముఖం తెరిచి ఉంచాలని నా ఆశ. తలుపు దగ్గరే ఆపి, కళ్ళు మూయించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాలని ఎన్ని రకాలుగానో ఊహించుకున్నాను. దూది పెట్టి, ఆరనిచ్చి, సారుకు చూపించి, మళ్ళీ మొదలుపెడితే సాయంత్రమవుతుంది. అంతే. అంత చిన్న కారణం.

కత్తితో సున్నమంతా తీశాక చివర పాలమీగడలాంటి పొర ఒకటి మిగులుతుంది. దాన్ని గీకితే రంగు దెబ్బతింటుంది. అందుకని పల్చటి కాగితాన్ని నీళ్ళలో ముంచి, గోడకు అంటించి, మెత్తబడ్డాక తీసేస్తాం. ఆ పొర కాగితంతో పాటు వస్తుంది. సారు ఆ మధ్యాహ్నం బయటికి వెళ్ళారు. ఆడవాళ్ళు పెరట్లో అన్నం తింటున్నారు. నేను తడి కాగితం పెట్టాను. పొర పల్చబడి కాగితం కింద ముఖం కనిపించడం మొదలైంది. ముందు గడ్డం మీది పచ్చబొట్లు. ఆ తర్వాత నోరు. కళ్ళు. నేను చూశాను. నవ్వాననుకుంటాను కూడా.

కాగితం తీశాను. ముఖం కాగితంతో వచ్చేసింది.

గోడ మీద వట్టి గచ్చు. నా చేతిలో ముఖం. కుడి ఎడమలు తారుమారై, తడిసి, పూర్తిగా ఉంది. కొన్ని క్షణాలు అలాగే పట్టుకున్నాను. దాన్ని అప్పుడే ఒక పలక మీద పరిచి, నీడలో ఆరబెట్టి ఉంటే ఏదో ఒకటి మిగిలేది. ఎలా చేయాలో నాకు తెలుసు. చదువుకున్నాను. కానీ నా బుర్రలో ఉన్నది ఆ ముఖం కాదు. సారు ముఖం. కోర్సులో నాతో చదివినవాళ్ళ ముఖాలు. ఇంత చదివి దూది అద్ది చూడలేదా అని అందరూ ఒకేసారి అడుగుతున్నట్టు అనిపించింది. కాగితాన్ని ముద్ద చేసి బకెట్లో పిసికాను. నీళ్ళు గంధం రంగుకు తిరిగాయి. తీసుకెళ్ళి వెనక మోరీలో పోశాను.

తిరిగి వచ్చి చూస్తే, గడ్డం ఉన్న చోట పచ్చబొట్లు గోడ మీదే మిగిలి ఉన్నాయి. అవి మాత్రం ఎందుకు లేచిరాలేదో ఇప్పటికీ తెలియదు. ఆ రంగులో జిగురు పాళ్ళు వేరేమో. ముఖం లేదు. చుక్కలున్నాయి. భుజం మీది కుండ అంచు కొంచెం ఉంది. వాటిని చూస్తే ఇక్కడ బొమ్మ ఉండేదని ఎవరైనా చెప్పగలరు. సారు ఒక్క చూపుతో చెప్పగలరు.

నేను కత్తి తీసుకుని వాటిని గీకేశాను.

అంతవరకు జరిగిన దాన్ని పొరపాటు అనొచ్చు. మీరు దయగలవారైతే అంటారు కూడా. ఇది పొరపాటు కాదు. నింపాదిగా, నేర్చుకున్న పద్ధతిలోనే, చుట్టూ గచ్చు చెడకుండా తీశాను. కుండ అంచు కూడా తీశాను. తర్వాత ఆ చోటును తడి గుడ్డతో తుడిచాను. చక్కగా, శుభ్రంగా ఉంది. సారు వచ్చాక, అక్కడ ఏమీ లేదు సార్ అన్నాను. ఆయన దగ్గరికి వచ్చి చూశారు. నన్ను నమ్మారు. పెద్దవాళ్ళు చెప్పేవి వినాలి గానీ అన్నీ నమ్మకూడదులే అన్నారు. ఆ రాత్రి డైరీలో ఎండ ఎక్కువగా ఉందని రాసుకున్నాను.

మరునాడు అవ్వ వచ్చింది. సారు నడవ చివర ఫోన్లో మాట్లాడుతున్నారు. నువ్వే మెల్లగా చెప్పు అని ముందే నాతో అన్నారు. అవ్వ చెప్పులు విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని నిలబడింది.

"వచ్చిందా మా యమ్మ?"

"లేదవ్వా."

"ఇంగా ఎన్ని దినాలు పడతాది?"

"అంతా తీసేశామవ్వా. అక్కడ బొమ్మ లేదు."

ఆమె నవ్వింది. "యాడో జానెడు పక్కకు తీసింటావులే. సరిగ్గా సూడు."

"చూశానవ్వా. చుట్టూ కూడా చూశాను. ఏమీ లేదు."

గోడ దగ్గరికి వెళ్ళింది. ఏనుగు కాలు తాకింది. దాని పక్కన నేను తుడిచిన చోట అరచేయి పెట్టి అలాగే ఉంది.

"నేను సూసినాను గదా పాపా. ఈడే. ఈ ఏనుగుకాలు కాడనే."

అప్పుడు ఒక మాటన్నాను. ఎవరూ అడగలేదు, అనాల్సిన అవసరం లేదు. "చిన్నపిల్లవి కదవ్వా అప్పుడు."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టుంది.

"ఉరుసుకు సత్రం కడిగేటప్పుడంతా మా అవ్వ ఈడ అడ్డం నిలబడేదంట. పచ్చారినాక ఏసిన బొమ్మ, తడి మీద ఏసిండేదాని మాదిరి నిలవదు, నీళ్ళు పడితే పోతాది అని కొట్లాడేదంట వాళ్ళతో. లేని బొమ్మకు ఎవురన్నా అడ్డం నిలబడతారా పాపా?"

అప్పుడు తెలిసింది నాకు ఆ మాటకు అర్థం. అక్కడ, ఆ క్షణంలో. నోరు తెరవడానికి అంతకంటే మంచి క్షణం ఇంకొకటి రాదు. ఆమె అడిగింది కూడా. జవాబు కోసం నా ముఖంలోకి చూస్తోంది. నేను గోడ వైపు చూశాను.

"పచ్చబొట్లు? అవన్నా కనపడలేదా?"

"లేవవ్వా."

"ఏమోలే." చెయ్యి గోడ మీది నుంచి తీసింది. అరచేతికి అంటిన పొడి కొంగుకు రుద్దుకుంది. "సదువుకున్నోళ్ళు, మీకు తెలిసినట్ల మాకేం తెలుస్తాది. మా అవ్వ ఏడుస్తానని ఏదో ఒకటి సెప్పింటాది. నేనూ సూసినా అనుకోనింటా." మూట విప్పి నా ముందు పెట్టింది. "తిను. పొద్దన్నే వచ్చింటావు."

ఆ రొట్టె తిన్నాను. ఇది కూడా చెప్పాలి. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుండగా మొత్తం తిన్నాను.

తర్వాత ఆమె రాలేదు. సున్నం కలిపే ఆడవాళ్ళు కొన్ని వారాలు అడిగారు, అవ్వ రాలేదే అని. తర్వాత వాళ్ళూ మరిచిపోయారు. సత్రం పని పూర్తయింది. బాగా చేశారని అందరూ అన్నారు. నేను ఇంకో పనికి పిలిచినా వెళ్ళలేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. ఇప్పుడు ధర్మవరంలో పట్టుదారానికి రంగులద్దే చోట పని చేస్తున్నాను. అడిగిన రంగుకు సరిపోయే ఛాయ కలపడం నా పని. రంగు వేసిన ప్రతి దారపు చిలపనూ తెల్లటి తడిగుడ్డతో రుద్ది చూడాలి, రంగు వదులుతుందేమోనని. నేను రెండుసార్లు చూస్తాను. మూడుసార్లు కూడా చూస్తాను. ఇక్కడివాళ్ళ దగ్గర నాకు మంచి పేరు. ఇంత జాగ్రత్త ఎవరికీ ఉండదంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మోరీలో పోసిన గంధంరంగు నీళ్ళు గుర్తొస్తాయి.

ముదిగుబ్బ బస్సులు మా పనిచోటు ముందు నుంచే పోతాయి. ఎక్కాలని ఎన్నిసార్లో అనుకున్నాను. ఎక్కి ఏం చెప్పాలి? ముఖం తిరిగి ఇవ్వలేను. చెబితే నా గుండె తేలికవుతుందేమో, ఆమెకు ఏమొస్తుంది? ఇలా ఆలోచించడం ఎంత సుఖమో. ఆమె మేలు కోసమే ఊరుకున్నట్టు ఉంటుంది. కానీ ఆమెకు ఇవ్వగలిగింది ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంది. ఆమె చూసింది నిజమని చెప్పడం. చుక్కలెన్నో చెప్పడం. ఆ ఒక్క అంకె చాలు ఆమెకు. ఒకరు అడిగి వెళ్ళిన చిన్న ప్రశ్నకు జవాబు దగ్గర పెట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నాను.

పోయిన సంవత్సరం ఒక ఆదివారం బస్సెక్కాను. పల్లెలో దిగి ఓబులమ్మవ్వ ఇల్లెక్కడ అని అడిగితే అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు తెలియలేదు. వాళ్ళలో పెద్దపిల్లకు కాసేపటికి వెలిగింది. "గోడవ్వ ఇల్లారా!" అని మిగతావాళ్ళకు చెప్పి, నన్ను తీసుకెళ్ళింది.

అవ్వ మనవడి భార్య గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. అవ్వ ఎండాకాలంలో పోయిందని చెప్పింది. నేనెవరో చెబితే ముఖం విప్పారింది. మంచం వాల్చి కూర్చోబెట్టింది.

"నువ్వా! నీ గురించి శానా సెప్పేది. నోట్లో నాలిక లేని పిల్ల, బంగారట్లా పిల్ల అని."

మంచినీళ్ళు ఇచ్చింది. నేను గోడవ్వ అనే పేరు గురించి అడిగాను.

"ఊర్లో అట్లనే పిలుస్తారక్కా. చిన్నప్పట్నుంచీ ఆ గోడ మాటే గదా ఆమెది. ఆడ ఏమీ లేదని తెలిసినాక అందరికీ ఎగతాళి అయిపాయ. ఏమవ్వా, మీ యమ్మ గోడ దూకి యాడికో పోయిందంట గదా అనేటోళ్ళు. నవ్వేది. ఏమీ అనేది కాదు. పిల్లోళ్ళు ఆ కత సెప్పవ్వా అంటే, అది కల లేరా అనేది." గొర్రెపిల్ల నోట్లోంచి తన కొంగు లాక్కుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది. "నిజంగానే ఆడ ఏమీ లేదా అక్కా?"

ఇన్నేళ్ళ తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. సారు లేరు. ఆ ఉద్యోగం లేదు. భయపడాల్సింది ఏదీ లేదు. ఆమె ముఖం చూశాను. అవ్వకు మనవడి భార్యే గాని రక్తసంబంధం లేదు, అయినా అవ్వ లాగానే తల కొంచెం పక్కకు వంచి వింటోంది.

లేదన్నట్టు తల ఊపాను.

ఎందుకు? నాకు తెలియదు. అలవాటు, అనుకుంటాను. ఒకసారి గీకిన చోటునే మళ్ళీ గీకాను. లోపల ఒక గోడ చిత్రంలా ఆమె ఎనభై ఏళ్ళు దాచుకున్నదాన్ని నేను ఒక మధ్యాహ్నంలో తీసేశాను. బొమ్మ పోతే పోయింది, ఆమె చూసిన చూపైనా ఆమెకు మిగిలి ఉండేది. దాన్నీ నేనే కల చేశాను. ఆమె తల్లిని ఎప్పుడూ చూడనిదానిలా చచ్చిపోయింది.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి పోయింది. ఆమె ఉన్నా అడిగే ధైర్యం నాకు ఉండేదనుకోను. ఇది అచ్చయితే సారు చదువుతారేమో. ముదిగుబ్బ వైపు ఎవరైనా చదివి, ఆ ఇంటికి వెళ్ళి చెబుతారేమో. చెప్పకపోవచ్చు కూడా. రాసినంత మాత్రాన ఏదీ మారదని తెలుసు. అయినా ఈ చివరి భాగం రాస్తున్నప్పుడు చెయ్యి కొంచెం తేలికగా ఉంది. అంతవరకు నిజం.

నేను చూసింది చెబుతాను. ఎర్రక్క ముఖం గుండ్రంగా ఉంది. చామనఛాయ. ఎడమ భుజం మీద కుండ. కుండ బరువుకు మెడ కుడి పక్కకు కొద్దిగా వంగింది. ఊరేగింపులో అందరూ రథం వైపు చూస్తుంటే ఆమె మాత్రం ఇవతలికి, బొమ్మ వేస్తున్న మనిషి వైపు చూస్తోంది. కింది పెదవి పంటికింద పట్టి నవ్వు ఆపుకుంటోంది. నన్నెందుకు వేస్తున్నావు అని అడగబోతున్నట్టుంది.

గడ్డం మీద పచ్చబొట్లు మూడు. పైన ఒకటి, కింద రెండు.

మూడు, అవ్వా.